మూడు కిలోల వంద గ్రాములు

నాలుగో పట్టీని పిండి దండెం మీద వేశాను. ఇంకా రెండు బకెట్లో ఉన్నాయి. రొమ్ము కింద చుట్టుకుంటే గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్పే నల్ల పట్టీలవి. నెత్తిన మూటతో మనిషి నడిచొచ్చేసరికి చెమటకు తడిసి, ఆరాక ఉప్పు తేలతాయి. సబ్బు పెడితే లోపలి రబ్బరు పాడవుతుందని మెహర్ మేడం మొదటి రోజే చెప్పారు. అందుకని కుంకుడు నురగలో మెల్లగా రుద్ది, రెండు నీళ్లలో జాడించి, నీడపట్టున ఆరేస్తాను. వేసవిలో నలభై రోజులు సాయంత్రంపూట ఇదే నా పని. ఇప్పుడు శ్రావణంలో నాలుగు రోజులు. ఇవాళ్టితో సరి.

దండేనికి ఆ చివర దాదీ చీర ఆరుతోంది. దాదీ అంటే మా నాయనమ్మ, కమ్లి. మొన్న వేసవి దాకా ఆ చివర అద్దాల రవిక, అంచుకు గవ్వలు కుట్టిన ఎర్ర లంగా ఆరేవి. వాటి బరువుకు తాడు నేలవైపు వంగేది. ఇప్పుడు ఈ పల్చటి చీరకు వంగడం లేదు.

"సోనీ! ఇంకా ఎంతసేపు? జల్దీ రా, ఒకటి చూపిస్త" అని మేడం లోపల్నుంచి పిలిచారు.

చేతులు తుడుచుకుని వెళ్లాను. మేడం నులక మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నారు. దాదీ పొయ్యి దగ్గర మక్క కంకులు కాలుస్తోంది.

"ఇది చూడు. వేసవిల మీ దాదీ బరువు నలభై ఏడు కిలోల ఆరొందలు. ఇయ్యాల పొద్దున నేను తూసిన. నలభై నాలుగున్నర. మూడు కిలోల వంద గ్రాములు పోయినయ్, మూడు నెలలల్ల!"

నేను తెర మీదికి వంగి ఆ రెండు అంకెలూ చూశాను.

"మిగతా ఇరవై రెండు మందిల ఎవ్వరికీ కిలో కూడ తేడా లేదు. ఈమెకే. కాళ్ల బలం అట్లనే ఉంది, గుండె అట్లనే ఉంది, మనిషే తగ్గింది. దుఃఖానికి కండ కరుగుతదని చదువుకున్నం గని, ఇంత సాఫుగ లెక్క ఎవరి దగ్గరుంటది? రేపు ఈమెను నాతోని ఖమ్మం తీస్కపోత. దవాఖానల రక్తం చూపిద్దాం. తర్వాత దీని మీదనే వేరే పేపర్ రాద్దాం. రాద్దామంటే నువ్వు, నేను."

నువ్వు, నేను. మేడం ఆ రెండు మాటలు మామూలుగానే అన్నారు. నా వేళ్లకింకా కుంకుడు జిగట ఉంది. చున్నీకి మళ్లీ తుడుచుకున్నాను.

మేడం హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో వ్యాయామ శాస్త్రం చెప్తారు. సొంతూరు ఖమ్మం. వాళ్ల నాన్న మున్వర్ గారికి మిర్చి యార్డు గేటు ఎదురుగా గోనె సంచులు కుట్టే దుకాణం ఉండేదట. మేడం బడి నుంచి వచ్చి ఆ దుకాణం అరుగు మీద కూర్చుని, వీపున బస్తాతో లారీ పలక ఎక్కే హమాలీలను చూస్తూ పెరిగారట. "అందరు మిర్చి ధర చూసేటోళ్లు, నేను మోకాళ్లు చూసేదాన్ని" అంటారు. చదువు అయ్యాక కూడా అదే చూశారు. తర్వాత నెత్తిన మోసే ఆడవాళ్లను చూడాలనుకున్నారు. చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న మా లంబాడీ తండాలో ఎండాకాలం తునికాకు కోస్తారని, ఆడవాళ్లు ఆకు మూటలు నెత్తిన పెట్టుకుని మూడు కోసులు నడిచి, ఆకు కొనే కల్లానికి తెస్తారని ఎవరో చెప్తే ఇక్కడికి వచ్చారు. మా మాట, తెలుగు రెండూ వచ్చి, ఫారాలు నింపగలిగిన మనిషి కావాలని చండ్రుగొండ బళ్లో అడిగితే, మా పాత సారు నా పేరు చెప్పారు.

నేను ఆ బళ్లో పది దాకా చదివాను. తర్వాత కొత్తగూడెం బస్సులో పోయి వస్తూ డిగ్రీ చేశాను. డిగ్రీ అయి రెండేళ్లు. అమ్మా నాయినా సత్తుపల్లిలో కిరాయి గదిలో ఉంటారు. నాయిన బద్యా అక్కడి గనిలో బొగ్గు టిప్పరు నడుపుతాడు. ఇక్కడ తాత, దాదీ, నేను. ఇంట్లో ఖాళీగా ఉన్నానని నాకెప్పుడూ అనిపించలేదు. నేను మనుషులను చూస్తాను. దాదీ స్నేహితురాలు సక్రి పెద్దమ్మ ఎత్తు ఎక్కేటప్పుడు నోటితో గాలి పీలుస్తుందని, తాత నీళ్లు తాగే ముందు గుక్కెడు నేలకు విడుస్తాడని నాకు తెలుసు. అదొక పని అని, దానికి జీతం కూడా ఉంటుందని మేడం వచ్చాకే తెలిసింది.

మేడం వాళ్ల విభాగానికి ఒక వెబ్‌సైటు ఉంది. మా ఇంటి వెనక చింతచెట్టు దగ్గర నిలబడితేనే ఫోన్లో అది తెరుచుకుంటుంది. ఏడుగురి ఫొటోలు వరసగా ఉంటాయి. ఒక్కొక్కరి పేరు కింద రెండు గీతలు. మొదటి గీతలో వాళ్లు చెప్పే పాఠాలు, రెండో గీతలో వాళ్ల పరిశోధన ఆసక్తులు. వెంకటరామారావు సార్‌కు ముసలివాళ్లు పడిపోకుండా నిలబడటం. జయప్రకాశ్ సార్‌కు కబడ్డీ కూతలో ఊపిరి. మేడంకు బరువు మోసే స్త్రీల శరీరం. ఇంగ్లిషులో ఉన్నదాన్ని నేనే ఇట్లా తెలుగు చేసుకున్నాను. ఆ పేజీలో ల్యాబు ఫొటో కూడా ఉంది. అద్దం గోడ వెనక ఒక అమ్మాయి ముఖానికి గొట్టం తగిలించుకుని, కదిలే పట్టా మీద ఉన్నచోటనే నడుస్తూ ఉంటుంది. పక్కన ఇంకో అమ్మాయి కాగితం పట్టుకుని ఆమెనే చూస్తూ నిలబడి ఉంటుంది. నేను ఎప్పుడూ ఆ రెండో అమ్మాయినే చూసేదాన్ని. ఆమె చెప్పులు గుమ్మం బయట విడిచి ఉన్నాయా, గది చల్లగా ఉందా, ఆమె ఇంటికి ఎన్నింటికి పోతుంది, ఇవే ఆలోచించేదాన్ని. ఎవరి పేరు కిందైనా ఒక గీతలో 'ఈమెకు ఫలానాది తెలుసుకోవాలని ఉంది' అని రాసి ఉండటం ఎంత పెద్ద సంగతి! మా తండాలో ఏ ఆడమనిషినీ ఎవరూ నీకేం తెలుసుకోవాలని ఉంది అని అడగలేదు.

ఇప్పుడు ఆ ల్యాబులో రెండేళ్ల ఉద్యోగం ఒకటి ఉంది. హాస్టల్ ఇస్తారు. పని చేస్తూ పైచదువు చదువుకోవచ్చు. నా పేరు రాసిన కాగితం మేడం నీలం ఫైల్లో ఉంది. సోమవారం ఆఫీసులో ఇవ్వాలి. "నీ ఫారాలల్ల ఒక్క గడి కూడ ఖాళీ లేదు సోనీ. మా పిల్లలు ఎమ్మెస్సీ చదివి కూడ గిట్ల నింపరు. నేనెవర్నన్న అడగాలెనా?" అన్నారు, ఆ కాగితం మీద నా పేరు రాస్తూ.

ఖాళీ లేకపోవడమే తప్పయింది.

వేసవిలో మొదటి వారం, తెల్లారుజామున ఇల్లిల్లూ తిరిగి బరువులు తూచే పని నాకు అప్పజెప్పి, మేడం కల్లం దగ్గర నడక కొలతలు చూసుకునేవారు. ప్రతి ఫారంలో ఒక గడి ఉంది: 'చెప్పులు, నగలు తీసి తూచారా?' అవును, లేదు. పడుచువాళ్లతో ఇబ్బంది లేదు. చీరలు కట్టుకుంటారు, చెవులకు ఇంత బంగారం, కాళ్లకు పట్టీలు, అడిగితే తీసి ఇచ్చారు. పెద్దవాళ్లు పదకొండు మంది మాత్రం మా పాత వేషంలో ఉంటారు. మోచేతి పైన భుజం దాకా తెల్ల గాజులు, చెంపల పక్కన జుట్టుకు వేలాడే వెండి బుట్టలు, కాళ్లకు కడియాలు. అవి పెళ్లినాడు వేస్తారు. మొగుడు పోయిన రోజున తీస్తారు. మధ్యలో జ్వరం వచ్చినా, కాన్పు అయినా తీయరు. సక్రి పెద్దమ్మ గుమ్మంలో మిషన్ పెట్టుకుని నిలబడి, 'పెద్దమ్మా, గాజులు తీయి' అనడానికి నాకు నోరు రాలేదు. అంటే ఆమె మొగుడు పోవాలని కోరుకున్నట్టే.

అట్లాగే తూచాను. గడి దగ్గర పెన్ను ఆగింది. 'లేదు' అని రాస్తే, ఈ పిల్లకు పని చేతకాదని మేడం ఇంకెవరినైనా పెట్టుకుంటారని భయపడ్డాను. 'అవును' దగ్గర టిక్కు పెట్టాను. మొదటి ఫారం సంచిలో పెట్టే ముందు రెండుసార్లు తీసి చూశాను. మూడోదాన్ని చూడలేదు. అట్లా పదకొండు.

దాదీ ఫారం కూడా అందులోదే. అప్పటికి మా తాత రామ్‌సింగ్ బతికే ఉన్నాడు.

తాత జూన్‌లో పోయాడు. తొలకరి పడ్డ మర్నాడు చేను చూడటానికి పోయి, గట్టు మీద కూర్చుని, కూర్చున్నట్టే ఉన్నాడు. ఆ రోజే పెద్ద ఆడవాళ్లు వచ్చి దాదీ చేతుల నుంచి గాజులు ఒక్కొక్కటే తీశారు. నలభై ఐదేళ్లుగా ఉన్నవి కదా, భుజం నుంచి మోచేతి దాకా చర్మం వేరే మనిషిదేమో అన్నంత తెల్లగా, ముడతలు లేకుండా బయటపడింది. ఆ తర్వాత దాదీ వాకిలి దాటలేదు. పొద్దున్నే ఎదురొస్తే మంచిది కాదని ఎవరూ ఆమెను అనలేదు. ఎవరూ అనకముందే తనే పోవడం మానేసింది. ఎదుటి మనిషి మాట వినేటప్పుడు చెంప పక్కకు చెయ్యి పోతుంది, వెండి బుట్టను సవరించుకోవడానికి. అక్కడేమీ ఉండదు. చెయ్యి ఒక క్షణం గాలిలో ఆగి, చెవి గోక్కున్నట్టు చేసి దిగుతుంది. ఎవరైనా చూశారా అని పక్కకు చూస్తుంది. నేను చూడనట్టు ఉంటాను.

ఈసారి మేడం వచ్చాక మిగతా పదిమంది పెద్దవాళ్లను మళ్లీ నేనే తూచాను. మళ్లీ నగలతోనే, మళ్లీ టిక్కులే. ఒకసారి రాసినదాన్ని రెండోసారి ఎట్లా మారుస్తాను? దాదీని మాత్రం మేడం ఇంట్లోనే తూచారు. బోసి చేతులు మేడం చూశారు. కానీ ఫారం ప్రకారం వేసవిలో కూడా నగలు తీసే తూచాం కదా. అందుకని పోయిన బరువంతా ఒంటిదే అనుకున్నారు.

"ఏందంట?" అంది దాదీ, కంకి తిప్పుతూ.

మేడం మంచం దిగి ఆమె పక్కన పీట మీద కూర్చున్నారు. "అవ్వా, నువ్వు మూడు కిలోలు తగ్గినవ్. అన్నం తింటున్నవా సక్కగ?"

"తింటున్న బిడ్డా. సోనీ ముద్ద చేసి నోట్ల పెట్టేదాక ఊకుంటదా?"

"మరి ఎటు పోయినయ్ మూడు కిలోలు? రేపు నాతోని ఖమ్మం రా. దవాఖానల చూపిస్త."

దాదీ కంకిని నిప్పుల మీద మర్చిపోయింది. "మూడు కిలోలా?" అంది. ఆమె ముఖంలో భయం వస్తుందనుకున్నాను. భయం రాలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తాత పోయాక అదే మొదటి నవ్వు.

"నేను చెప్తనే ఉన్న గదనే సోనీ, మీ తాత నన్ను యాది మర్వలేదని. ఇంత ఇంత తీస్కపోతుండు. సంక్రాంతికల్ల అంత అయిపోతది."

"అరె, ఏం మాటలు అవ్వా అవి!" అన్నారు మేడం.

"మంచి మాటే బిడ్డా. నువ్వు తూసి చెప్పినవ్ గని, నాకైతే ఎట్ల తెలుస్తది?"

అప్పుడే సక్రి పెద్దమ్మ పెరుగు గిన్నెతో వచ్చింది. ఆమె గడప దగ్గరికి రాకముందే గాజుల చప్పుడు వస్తుంది.

"ఏం డాక్టరమ్మా, రేపు పోతున్నవంట? మళ్ల ఎప్పుడు తూస్తవ్? మేకలను కూడ ఇన్నిసార్లు తూయరు తల్లీ."

"మేకలు ఇన్ని తిట్లు తిట్టవు సక్రక్కా" అన్నారు మేడం.

"తిట్టక? ఆ నల్లపట్టీ పెట్టుకుని నడుస్తుంటే మా ఆయన ఏమన్నడో తెలుసా? నీకు గుండె ఉన్నదని తేలిందా లేదా అన్నడు." తనే ముందు నవ్వి, తర్వాత దాదీ వైపు తిరిగింది. "ఓ కమ్లక్కా, నువ్వు బయటికి రావేంది? నీ తోడు లేక నాకు చెల్కకు పోబుద్ధైతలేదు. నువ్వు ఎదురొస్తే మాకేమన్న అయితదా? మా ఆయన రాయి లెక్కున్నడు."

దాదీ ఇంకా నవ్వుతూనే ఉంది. "ఇంకెన్నాళ్లే సక్రీ. మూడు కిలోలు పోయిన. డాక్టరమ్మే చెప్పింది."

సక్రి పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. గిన్నె నాకిచ్చి, "ఏందే ఇది?" అన్నట్టు చూసి వెళ్లిపోయింది. వాకిట్లో ఆమె గాజుల చప్పుడు దూరమయ్యేదాకా వింటూ నిలబడ్డాను. దాదీ మాడిన కంకిని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. ఏదో పాట గొంతులోనే తీస్తోంది. తాత ఉన్నప్పుడు జొన్నలు విసురుతూ తీసేది ఆ పాట.

నేను బయటికి వెళ్లి మిగిలిన రెండు పట్టీలు ఉతికాను. ఊరికే ఉంటే ఏమవుతుందో అంతా నాకు వరసగా కనిపించింది. రేపు దాదీ ఖమ్మం పోతుంది. రక్తం తీస్తారు. ఏమీ దొరకదు. సోమవారం నా కాగితం ఆఫీసులో చేరుతుంది. నేను అద్దం గోడ వెనక నిలబడతాను. మేడం పేపర్ రాస్తారు, దాని మీద నా పేరు కూడా ఉంటుంది. దాదీ ఇక్కడ తాత కోసం కొంచెం కొంచెంగా కరిగిపోతున్నానని నమ్ముతూ ముద్ద తగ్గించుకుంటుంది. సంక్రాంతి నాటికి మా తప్పుడు లెక్కే నిజమైపోతుంది.

పట్టీలు ఆరేసి లోపలికి వచ్చాను. పొద్దు గుంకుతోంది. మేడం కంకి తింటున్నారు.

"మేడం, వేసవిలో దాదీ నగలు తీయలేదు."

మేడం నమలడం ఆపారు.

"నగలతోనే తూసిన. తీసినమని టిక్కు పెట్టిన. దాదీయే కాదు, పెద్దోళ్లు పదకొండు మంది. తీయమని అడగలేదు. మొగుడు పోతేనే తీస్తరు మేడం అవి."

కంకి పళ్లెంలో పెట్టారు. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు.

"ఈసారి కూడ?"

"అవ్ మేడం."

"పదకొండు మందికీ టిక్కు?"

"అవ్."

మేడం గొంతు పెంచలేదు. పెంచితే నయమనిపించింది. "పెద్దోళ్లు తక్కువ కష్టంతోని ఎక్కువ మోస్తరని మొన్న సెమినార్ల నిలబడి చెప్పొచ్చిన. వెంకటరామారావు సార్ లేచి నా చెయ్యి పట్టుకున్నడు. మనిషి బరువుతోని భాగించి గద మనం కష్టం లెక్క కట్టేది? మనిషినే మూడు కిలోలు ఎక్కువ చూపిస్తే, కష్టం తక్కువే కనపడ్తది. మరి నేను చెప్పింది ఆడోళ్ల సంగతా, గాజుల సంగతా?"

నేను మాడిన కంకిని పొయ్యిలోకి తోశాను.

"'లేదు' అని రాస్తే ఏమైతుండెనో తెలుసా? రెండు నిమిషాలు ఆలోచించి, 'నగలతో' అని ఇంకో గడి గీస్తుంటి. గంతే."

గంతే. ఆ మాట దగ్గర నాకు కళ్లు మండాయి.

"నాక్కూడ బుద్ధి లేదు" అన్నారు మేడం. "చిన్నప్పటి సంది ఖమ్మం బజార్ల చూస్తున్న మీ వాళ్లను. ఆ గాజులు ఎన్నడన్న తీస్తరా అని ఒక్కసారి కూడ అనుకోలే."

దాదీ అంతా విన్నదని అప్పుడు గమనించాను. పాట ఎప్పుడు ఆగిందో తెలీదు. లేచి, లోపలి మూలకు పోయి, రేకు పెట్టె మీది బొంతలు ఒక్కొక్కటి కింద పెట్టింది. పెట్టె తెరిచి ఎర్ర గుడ్డ మూట తీసింది. తూకం మిషన్ గోడ పక్కనే ఉంది. దాన్ని మధ్యకు లాగి, మూట దాని మీద పెట్టి విప్పింది. తెల్ల గాజులు, చెంప బుట్టలు, కడియాలు, మెడలో పాత బిళ్లల పేరు, మడత పెట్టిన అద్దాల రవిక. లంగా బదులు ఇప్పుడు చీర ఉంది కదా అని లంగా తీయలేదు.

"ఎంత?" అంది.

నేను వంగి చూశాను. "రెండు కిలోల తొమ్మిదొందలు."

"ఆమె చెప్పిందెంత?"

"మూడు కిలోల వంద."

దాదీ వేళ్లతో కాసేపు లెక్క వేసుకుంది. "అయితే నేను తగ్గింది ఎంత?"

"రెండు వందల గ్రాములు, దాదీ."

"అంటే?"

మేడం మెల్లగా చెప్పారు. "ఒక గ్లాసు నీళ్లంత, అవ్వా. పొద్దున నీళ్లు తాగకపోతే కూడ గంత తగ్గుతది."

దాదీ మిషన్ మీది నగల వైపు చూస్తూ కూర్చుంది. "గింతేనా" అంది. మాతో అనలేదు. తర్వాత ఒక్కో గాజు ఏరి గుడ్డలో వేసింది. రవికను మోకాలి మీద సాపు చేసి మడిచింది. పెట్టె దగ్గరికి పోతుంటే నేను ఆమె మెడను చూశాను. ఎడమవైపు కొంచెం వాలి ఉంది. ఆ వెండి బుట్టల్లో ఎడమది పెద్దది, నలభై ఐదేళ్లు దాని బరువుకు ఆ మెడ అట్లా ఒరిగింది. అది పోయి రెండు నెలలైనా అట్లాగే ఉంది.

అడగడానికి అది సమయం కాదని తెలుసు. అయినా అడిగాను. "మేడం, బరువు తీసేసినంక కూడ మెడ అట్లనే ఎందుకుంటది?"

మేడం దాదీ మెడ వైపు చూశారు. "తెల్వదు" అన్నారు. ఇంకాసేపటికి, "రాసిపెట్టుకో" అన్నారు.

అన్నాలు తినేటప్పుడు పని సంగతే మాట్లాడారు. పెద్దవాళ్ల లెక్కలన్నీ పక్కన పెట్టాలి. సెమినార్‌లో చెప్పింది తప్పని అందరికీ ఉత్తరం రాయాలి. ఒక దారి మాత్రం ఉంది. దాదీ గాజులు చిన్నవి, పెద్దవి విడివిడిగా తూచి, మిగతా పదిమందిని మళ్లీ తూచి, వాళ్ల ఒంటి మీద ఎన్ని ఉన్నాయో తీయకుండానే లెక్కపెడితే, ఎవరి బరువులో ఎంత నగలదో సుమారుగా తేలుతుంది.

"సుమారు అని రాసి ఇస్తం. సుమారుకు సిగ్గు లేదు" అన్నారు.

"లెక్కపెట్టనియ్యరు మేడం. ముత్తయిదువ గాజులు లెక్కపెడితే దిష్టి అంటరు. నేనడిగితే సక్రి పెద్దమ్మ చీపురు తిరగేస్తది. ఎవరన్న పెద్దామె ముందుండి, పర్వాలేదు అని చెప్తే తప్ప."

నా చూపు నాకు తెలియకుండానే దాదీ వైపు పోయింది. దాదీ కంచం కడుగుతోంది. విన్నదో లేదో.

తెల్లవారి కోటేష్ ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. రాత్రి వాన పడ్డట్టుంది, దండెం మీది పట్టీలు మళ్లీ తడిశాయి. నేను వాటిని పిండి, పొడి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను. మేడం నీలం ఫైలు తెరిచారు, మూశారు.

"సోమవారం నీ పేరు ఇయ్యలేను సోనీ."

"అవ్ మేడం."

"కోపంతోని కాదు. ఆ గదిల పది మందిమి ఉంటం, ఒకరి టిక్కు మీద ఇంకొకరు ఇల్లు కడ్తం. నీ టిక్కు మీద నాకింక నిద్ర పట్టదు ఇప్పుడైతే."

ఎవరి పేరు ఇస్తారని అడగలేదు. వచ్చే ఏడాది సంగతి అడగాలనుకున్నాను. అడగకుండా సంచి మూతి ముడేశాను. ఫొటోలో కాగితం పట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయి గుర్తొచ్చింది. ఆమె నన్నెరగదు, నేనెంతసేపు ఆమెను చూశానో ఆమెకు ఎప్పటికీ తెలీదు.

"మిషన్ ఉంచి పోతున్న" అన్నారు మేడం ఆటో ఎక్కి. "లెక్క పంపు. ఎట్ల చేసినవో అంత రాయి. ఎక్కడ తెల్వలేదో అక్కడ తెల్వలేదనే రాయి. ఆ మెడ సంగతి కూడ." లోపలికి తొంగిచూసి గొంతు పెంచారు. "అవ్వా, వస్త!"

ఆటో మలుపు తిరిగాక ఇంజను చప్పుడు టేకు చెట్ల వెనక చాలాసేపు వినిపించింది. చింతచెట్టు దగ్గరికి పోయి ఆ పేజీ తెరుద్దామా అని ఫోను చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ లోపల పెట్టాను. వాకిలి ఊడ్వాలి. చీపురు కోసం వంగాను.

తల ఎత్తేసరికి దాదీ గుమ్మంలో ఉంది. తల మీద చుట్టబట్ట, దాని మీద తూకం మిషన్. ఒక చెయ్యి పైకెత్తి పట్టుకుంటే కొంగు జారి, గాజులు పోయిన ఆ తెల్లటి చర్మం భుజం దాకా కనిపించింది. ఇన్ని నెలలూ ఆ చేతిని కొంగులోనే దాచుకునేది. ఇప్పుడు కప్పుకోలేదు. ఇంట్లోంచి పోయేటప్పుడు ఎప్పుడూ 'వస్తున్నా' అని కేకేసేది, తాత మంచం మీంచి దగ్గి జవాబు చెప్పేవాడు. చేతిలో చీపురు అట్లాగే పట్టుకుని, ఆ మాట కోసం చూశాను.

దాదీ కుడికాలు గడప దాటించింది. మెడ నిటారుగా పెట్టి, ఏమీ అనకుండా, సక్రి పెద్దమ్మ ఇంటి దారి పట్టింది.